జనార్ధన్ పటేల్ లాంచి

మధుసూదన్ ట్రాక్టరు తీసుకొని వచ్చేసరికి జయమ్మ భర్త జనార్ధన్‌కు జావ తాగిస్తోంది. మధుసూదన్ ఆమె మరిది. షామీర్‌పేట రోడ్డు మీద కొత్తగా ఫంక్షన్ హాల్ కట్టిస్తున్నాడు. అన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో పడి ఉన్న టేకు లాంచిని ఆ హాల్ ముందర పెట్టి, దాని నిండా పూలచెట్లు నాటించాలని అతని ఆలోచన.

"ఊకె చెదలు పడ్తాంది వదినా. ఆడ పెడితే పెండ్లికొచ్చినోళ్లు ఫొటోలన్న దిగుతరు," అన్నాడు.

జయమ్మ సరేనంది. ఆ లాంచిని వాళ్ల మామ ఎప్పుడో కాకినాడ నుంచి లారీ మీద తెప్పించాడు. ఆయన తర్వాత జనార్ధన్, షామీర్‌పేట చెరువు నిండిన ప్రతిసారీ దాన్ని నీళ్లలోకి దింపేవాడు. ఇంజను మొరాయించి పదేళ్లు దాటింది. మొన్నటేడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. లాంచి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం మానేశారు.

బరువు తగ్గుతుందని కూలీలు ముందు ఇంజను ఊడదీయబోయారు. సుత్తె దెబ్బ వినబడగానే చక్రాల కుర్చీలో ఉన్న జనార్ధన్ ఎడమచేత్తో జావగిన్నెను నెట్టేశాడు. మొహం ఎర్రబడింది. గొంతులో పెనుగులాడి పెనుగులాడి ఒక మాట బయటికి వచ్చింది.

"ఇంజ... ను."

జబ్బు చేశాక ఆ నోట ఆమె విన్న మొదటి మాట అది. ఒలికిన జావ అట్లాగే వదిలేసి జయమ్మ షెడ్డు వైపు పరుగెత్తింది.

"ఆపుండ్రి! మధూ, ట్రాక్టర్ వాపస్ తీస్కపో."

"ఏందొదినా, గిప్పుడే సరేనంటివి గద!"

"అంటి. ఇప్పుడు వద్దంటున్న. ఇంజను బాగు చేపిస్త. మాఘమాసం పెండ్లిళ్లు షురూ అయ్యేదాక ఆగు. అప్పటికీ నడవకుంటే నీ పూలు నువ్వు పెట్టుకో."

మర్నాడే ఆమె మేడ్చల్‌కు పోయి కుర్మయ్యను పిలుచుకొచ్చింది. ఒకప్పుడు చుట్టుపక్కల బావుల మీద నడిచే ఆయిల్ ఇంజన్లన్నీ అతని చేతుల మీదే నడిచేవి. బోర్లు పడి, కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగు చేస్తున్నాడు. లాంచి మీద గోనెపట్టా తీయగానే అతని కళ్లు పెద్దవయ్యాయి. రెండు సిలిండర్ల ఇంజను, పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో నడిచే రకం. ఇత్తడి భాగాలు నల్లబడ్డాయి. కార్బురేటర్‌లో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. హ్యాండిల్ వేసి తిప్పితే కదలనే లేదు.

"గీసొంటిది నేనెన్నడు ఇప్పలేదమ్మా," అన్నాడు. "పట్టుకపోయింది. అయినా సూస్త."

దూలానికి గొలుసు కట్టి ఇంజనును పైకి లేపి, కిందికి దించి విప్పాడు. సిలిండర్లలో డీజిలు పోసి నానబెట్టాడు. జనార్ధన్ పొద్దున్నే కుర్చీలోంచి షెడ్డు వైపు చెయ్యి చూపించేవాడు. జయమ్మ తోసుకెళ్లి పక్కన నిలబెట్టేది. ఆయన మధ్యాహ్నం దాకా కన్నార్పకుండా చూసేవాడు.

ఒక పిస్టన్ మెల్లగా బయటికొచ్చింది. రెండోది రాలేదు. ఓపిక నశించిన కుర్మయ్య కట్టె పెట్టి గట్టిగా కొట్టాడు. పోత ఇనుప పిస్టన్ రెండు ముక్కలైంది.

అతను అక్కడే కూలబడ్డాడు. "తప్పయింది పటేలా. తొందరపడ్డ. గిది బజార్ల దొరికేది కాదు."

జనార్ధన్ ఎడమచెయ్యి చాపి, బాగున్న పిస్టన్ ఇమ్మన్నట్టు చూశాడు. ఇస్తే ఒళ్లో పెట్టుకొని, వేలితో దాని చుట్టూ గీసి, కుర్మయ్య చేతికే తిరిగి ఇచ్చాడు.

"దీన్ని సూసి ఇంకోటి పోపియ్యిమంటుండు," అంది జయమ్మ.

కుర్మయ్య దాన్ని గుడ్డలో చుట్టుకొని బాలానగర్ పోయాడు. పోతపని కార్ఖానాలో మొదటిసారి పోసిన దాంట్లో గాలిబుడగలు వచ్చాయి. రెండోది కుదిరింది. లేతు మీద తిప్పించి, రాణీగంజ్‌లో జీపు రింగులు కొని, ఆకురాయితో అరగదీసి కూర్చాడు.

ఇంజనును మొద్దుల మీద బిగించి, చల్లబరచడానికి డ్రమ్ములోంచి నీళ్ల పైపు పెట్టి హ్యాండిల్ తిప్పిన రోజు మధుసూదన్ కూడా వచ్చాడు. ఇంజను ఫట్ మని పేలి హ్యాండిల్‌ను వెనక్కి విసిరింది. కుర్మయ్య మణికట్టు వాచింది. మళ్లీ తిప్పినా అంతే.

"ఇగ చాలు వదినా. పాపం, ఆయన చెయ్యి ఇరుగుతది," అన్నాడు మధుసూదన్. ఆ గొంతులో వెటకారం లేదు.

జనార్ధన్ కుర్చీ చేతిని తట్టాడు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో వైపు వేలు చూపి, గాలిలో చెయ్యి తిప్పాడు.

"ముందుకా పటేలా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఎన్కకా?"

అవునన్నట్టు కళ్లు మూశాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరచేసి కొంచెమేనని చూపించాడు.

కుర్మయ్య రవ్వ కాస్త ఆలస్యంగా పడేట్టు మాగ్నెటో పళ్లచక్రాన్ని ఒక్క పన్ను వెనక్కి జరిపి, మణికట్టుకు తువ్వాలు చుట్టుకొని తిప్పాడు. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు గలగలలాడాయి. సంబరంలో కుర్మయ్య వెంటనే కిరసనాయిలు వైపు తిప్పబోయాడు.

"ఆగు!" అన్నాడు జనార్ధన్. పెదవి వంకరపోయినా మాట తెలిసింది. "కాగ... నియ్యి."

కుర్మయ్య చెయ్యి ఆపేశాడు. సిలిండర్ మీద చెయ్యి నిలవనంతగా వేడెక్కాక తిప్పాడు. కాసేపు తెల్లపొగ వచ్చింది. తర్వాత చప్పుడు ఒక్కతీరుగా సాగింది. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధుసూదన్ అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీకన్ని యాదికున్నయా అన్నా? మేమే అడగకపోతిమి."

మాఘమాసం రాకముందే, ఇంజను మళ్లీ బిగించుకొని లాంచి షామీర్‌పేట చెరువుకు చేరింది. తీసుకొచ్చిందీ మధుసూదన్ ట్రాక్టరే. చేపలు పట్టే గండయ్య, అతని మనుషులు సందుల్లో గుగ్గిలం, నూలు కూరి, లాంచిని ఒడ్డున నీళ్లలో నానబెట్టారు. చెక్క ఉబ్బి కారడం చాలావరకు తగ్గింది. అందరూ కలిసి జనార్ధన్‌ను కుర్చీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టారు. జయమ్మ, ఇంజను చూసుకోవడానికి కుర్మయ్య కూడా ఎక్కారు. పాంటు తడిసినా లెక్కచేయకుండా మధుసూదన్ నడుంలోతు దిగి నెట్టాడు.

జనార్ధన్ ఎడమచేత్తో చుక్కాని పట్టి చెరువు మధ్యదాకా నడిపాడు. అక్కడ చెయ్యి అలసిపోయి జయమ్మ వైపు చూశాడు.

"నాకు రాదు," అందామె. ఆ లాంచిలో ఎన్నోసార్లు కూర్చుంది కానీ చుక్కాని ఎన్నడూ ముట్టలేదు. అయినా వచ్చి పట్టుకుంది. ఎటు తిప్పితే ఎటు పోతుందో అర్థం కాక లాంచిని నేరుగా తుంగలోకి తోలింది. నీళ్లలో తిరిగే పంఖాకు గడ్డి చుట్టుకొని ఇంజను ఆగిపోయింది.

"దిక్కు... తెల్వదానే... నీకు?" అన్నాడు జనార్ధన్, నవ్వుతూ.

మూడు ముక్కలుగా వచ్చినా నిండు మాట అది. జయమ్మకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. కళ్లు తుడుచుకొని, "నేర్పుండ్రి మరి," అంది.

కుర్మయ్య లాంచి వెనకవైపు నుంచి కిందికి వంగి, చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి గడ్డి లాగడం మొదలుపెట్టాడు.