ఏడో మెట్టు దగ్గర పరుగు

నేను చదివింది ఏడో తరగతి సగం. అమ్మకి జబ్బు చేస్తే తమ్ముళ్లని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయాను. ఇప్పటికీ ఎవరైనా కాగితం చేతికిచ్చి చదవమంటే అరచేతులకి చెమట పడుతుంది.

మా బుడంకాయకి పద్నాలుగు నెలలు. నేను లాండ్రీలో ఇస్త్రీ చేసినంతసేపూ దాన్ని పిల్లల కేంద్రంలో వదుల్తాను. చెయ్యి ఇస్త్రీపెట్టె మీద, ప్రాణం అక్కడ. పాలు తాగిందో లేదో, ఎక్కడ పడిందో. అలాంటిది, ఆ కేంద్రంలోనే పిల్లలచేత పాటలు పాడించే మనిషి కావాలన్నారు. ఆ పని దొరికితే రోజంతా బిడ్డ పక్క గదిలోనే! గొంతు నాకుంది. కానీ ఎన్నడూ వినని పాటని కాగితం చూసి పాడాలట. పరీక్షకి గడువు పది రోజులు.

అక్కడి పాటల టీచరమ్మ పెద్దావిడ. "డో రే మీ ఫా సో లా టీ, పైన మళ్లీ డో. చుక్క ఎంత పైకెక్కితే గొంతు అంత పైకెక్కాలి. అంతే!" అని, అయిదు గీతల మీద స్వరాలని చుక్కలుగా పెట్టిన కాగితం ఒకటి ఇచ్చి పంపింది. గీతదో మెట్టు, గీతల మధ్య ఖాళీదో మెట్టు. అందులో డో అయిదు గీతలకీ కింద వేలాడుతోంది.

ఎక్కడమంటే నాకు తెలిసింది మా మెట్లే. మాది మూడో అంతస్తు. మా ఆయన ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, మా బిల్డింగు లిఫ్టు మాత్రం ఏడాదిగా కదల్లేదు. వరసకి ఎనిమిది మెట్లు. కింది వరస మీద సుద్దతో పేర్లు రాసేసి, బిడ్డని చంకనేసుకుని మెట్టుకో స్వరం పాడుతూ ఎక్కడం, దిగడం. ఏడో మెట్టు అంచు విరిగింది. బిడ్డతో ఎక్కడ జారిపోతానో అని దాని మీద కాలు ఆనీ ఆనకుండా దాటేసేదాన్ని.

"ఏమే, ఇవి మెట్లా, నీ పలకా?" అంది మా అత్తయ్య.

"తొక్కకండి అత్తయ్యా, చెరిగిపోతాయి."

"తొక్కకుండా ఎగిరి రమ్మంటావా?"

అంటూనే మర్నాటికల్లా ఆవిడా మొదలెట్టింది. "డో... రే... అమ్మా, మోకాలు... మీ..." మా ఆయనది మరో పద్ధతి. మెట్టు వదిలి మెట్టు, డో, మీ, సో అని బూట్లు దడదడలాడిస్తూ పైకి పోతాడు.

ఒకరోజు అత్తయ్య మొదటి అంతస్తులో కాస్త కూర్చుని లేచి, పై వరస మొదటి మెట్టు మీద కాలేసి "డో" అంది.

"డో కిందుంది కదా అత్తయ్యా!"

"నీ డో అక్కడే ఉండనీ. నేను బయల్దేరేది ఇక్కణ్నించి. నా డో ఇదే."

నవ్వుకుంటూ నేను కిందికి దిగి నా డో దగ్గర్నించే ఎక్కాను.

పరీక్షరోజు టీచరమ్మ కొత్త కాగితం నా ముందు పెట్టి, కింది నుంచి రెండో గీతని ఎర్ర పెన్సిలుతో చుట్టింది. "దీంట్లో డో ఇక్కడ. ఇదే మొదటి చుక్క. కానివ్వు."

ఆ మాట చెవికెక్కితేగా! కంగారులో అలవాటుగా అడుగునున్న పాత డో నుంచి లెక్కపెట్టి "సో" అన్నాను.

"ఆగమ్మా. డో ఎక్కడ చూపించాను?"

ఇక ఇస్త్రీపెట్టే గతి అనుకున్నాను. ఇంతలో అత్తయ్య గుర్తొచ్చింది. ఎక్కణ్నించి బయల్దేరితే అదే డో! మళ్లీ చూశాను. తర్వాతి రెండు చుక్కలూ ఒక్కో మెట్టు వదిలి పైకున్నాయి. మా ఆయన బూట్లు! డో, మీ, సో. అక్కణ్నించి లా, టీ, పైన డో. మళ్లీ మెల్లగా కిందికి దిగి ఆగాను.

టీచరమ్మ కళ్లజోడు తీసింది. "అంతా బాగుంది. టీ దగ్గర మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తావేం?"

"అది విరిగిందండీ."

"ఏది?"

"మా ఏడో మెట్టు."

ఆవిడకి సంగతంతా చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇక్కడి మెట్టు గట్టిదేనమ్మా. నిలబడి పాడు."

నిలబడి పాడాను. గోడ అవతల్నించి మా బుడంకాయ "ఆఆ" అని గొంతు కలిపింది.

"సోమవారం తల్లీకూతుళ్లిద్దరూ వచ్చెయ్యండి" అంది టీచరమ్మ.

ఆదివారం మా ఆయన సిమెంటు కలిపి ఆ మెట్టు సరిచేశాడు. తడి ఆరకముందే అత్తయ్య వంగి మేకుతో దాని మీద ఏదో గీకింది. చూద్దును కదా, "టీ".

"సుద్దయితే చెరిగిపోతుందని ఏడుస్తావుగా" అంది.