నాలుగు కిక్కులు

తమ్ముడు మాట్లాడటం మానేసిన దగ్గర్నుంచీ అన్నకు చెవులే దిక్కయ్యాయి. పక్క గదిలో గ్లాసు పెట్టిన చప్పుడు, బాత్రూమ్ గడియ తీసిన చప్పుడు, బూట్ల లేసులు బిగించుకుంటూ తమ్ముడు వదిలే నిట్టూర్పు, అన్నీ దుప్పట్లోంచే వినేవాడు. అన్నిటికంటే శ్రద్ధగా వినేది మాత్రం వాకిట్లో ఉన్న పాత మోటారుసైకిల్‌ని. చలి మొదలైనప్పట్నుంచీ అది తెల్లవారుజామున మొండికేస్తోంది. కిక్కు మీద కిక్కు పడుతుంది, ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. కొన్ని రోజులైతే తమ్ముడు దాన్ని సందు చివరి దాకా నెట్టుకుంటూ పోతాడు. ఆ చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా అన్న ఊపిరి బిగబట్టి పడుకునేవాడు.

తమ్ముడు బస్సు డ్రైవరు. డిపోలోంచి బయలుదేరే మొదటి బస్సు అతనిది. ఊరందర్నీ మోసేవాడికి సొంత బండి కదలట్లేదని వీధిలో వేళాకోళం. "రోజూ ఆ తిప్పలెందుకు, మొదటి బస్సెక్కి డ్యూటీకి పోవచ్చుగా" అని ఎదురింటాయన సలహా కూడా ఇచ్చాడు. ఆ మొదటి బస్సు నడపాల్సింది వాడేనయ్యా అని అన్న చెబితే, కాసేపు ఆలోచించి, "అయితే కష్టమే" అన్నాడు. నవ్వొచ్చే మాటే, కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. తమ్ముడిది ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం. ఇప్పటికే రెండు మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే స్టీరింగ్ మీంచి దించేస్తానని డిపో మేనేజరు ముఖం మీదే చెప్పాడు.

ఆ మేనేజరు దగ్గరే వచ్చింది అసలు గొడవంతా. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అన్న అలా కాదు. అడక్కపోయినా పెట్టే రకం, వద్దంటే రెండో గరిటె వేసే రకం. చలికాలం రాకముందే, ఎవరికీ చెప్పకుండా, కుంటుకుంటూ డిపోకి వెళ్లి, "మావాడు చిన్నప్పట్నుంచీ చలికి ఆగలేడు సార్, కాస్త పగటి డ్యూటీ వేయండి" అని చేతులు జోడించి వచ్చాడు. మేనేజరు ఆ మాటని డ్రైవర్ల గదిలో అభినయం చేసి మరీ చూపించాడు. ఆ రోజు నుంచి డిపోలో తమ్ముడి పేరు పాపాయి. "పాపాయీ, స్వెట్టరు వేసుకున్నావా?" అని కండక్టర్లు కూడా అడిగేవాళ్లు.

తమ్ముడు ఇంటికొచ్చి అరవలేదు. "నా సంగతి నన్ను అడగాలని నీకెప్పుడైనా అనిపించిందా అన్నయ్యా?" అన్నాడు. అంతే, ఆ తర్వాత మాటల్లేవు. చెప్పాల్సినవన్నీ ఆడవాళ్ల ద్వారానే నడిచేవి. "కరెంటు బిల్లు కట్టారట" అని అన్న భార్య చెబితే, "సరేనని చెప్పండి అక్కా" అని తోడికోడలు జవాబు తెచ్చేది. ఒకే వాకిలి, ఒకే కుళాయి, మధ్యలో ఇద్దరు రాయబారులు.

బండి నాన్నది. నాన్న పోయాక అన్నకొచ్చింది. లేత్ మెషిన్ దగ్గర ఇనుప కడ్డీ మోకాలి మీద పడ్డాక ఆ కాలు మడవడం చేతకాక తమ్ముడికిచ్చేశాడు. ఇప్పుడు అన్న స్పేర్ పార్టుల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటాడు. ఏ బండికి ఏ వాషరు పడుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. తప్పు తనలో కూడా ఉండొచ్చన్న అనుమానం మాత్రం ఆ షాపులో ఏ అరలోనూ దొరకదు.

చల్లబడ్డ ఇంజనుకి నాన్న ఒక పద్ధతి పెట్టాడు. తాళం తిప్పకుండా చోక్ పైకెత్తి, కిక్ రాడ్‌ని మెల్లగా నాలుగుసార్లు కిందికి నొక్కాలి. అప్పుడు పెట్రోలు లోపలికి చేరుతుంది. తర్వాత తాళం తిప్పి ఒక్క కిక్కు గట్టిగా కొడితే చాలు. "నాలుగే. ముద్ద నోట్లో ఉండగా ఇంకో ముద్ద కుక్కితే పసివాడికి పొలమారుతుంది, దీనికీ అంతే" అనేవాడు. అన్న ఆ మాట బుద్ధిగా విన్నాడు. తమ్ముడు మాత్రం కుర్రతనంలో ఎక్కడ విన్నాడు గనక! బండెక్కి, పగవాడి వీపు మీద తన్నినట్టు తన్నేవాడు. అందుకే ఇప్పుడు బండి మొండికేస్తుంటే అన్నకు కారణం వెతుక్కోవాల్సిన అవసరం కనపడలేదు. వాడు ఆ నాలుగు కిక్కులూ కొట్టడు, తొందర మనిషి, అంతే.

వెళ్లి చెప్పొచ్చు. చెబితే వింటాడా? "మళ్లీ మొదలుపెట్టావా" అంటాడు. అసలేమీ అనడేమోనన్నదే ఇంకా పెద్ద భయం. అందుకని చెప్పకుండానే చేద్దామనుకున్నాడు.

తమ్ముడు లేవకముందే లేచి, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చేవాడు. పెట్రోలు ట్యాపు తిప్పి, చోక్ ఎత్తి, మడవలేని కాలు పక్కకి చాపి మెట్టు మీద కూర్చుని, రెండు చేతులతో కిక్ రాడ్‌ని నొక్కేవాడు. నాలుగుసార్లు. ఇనుము చేతులకి మంచులా తగిలేది. మళ్లీ చోక్ దించి, ట్యాపు కట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకునేవాడు. కడుపు నిండా సంతోషంగా ఉండేది. మాటల్లేకపోతేనేం, రోజూ తమ్ముడికి ఎదురెళ్లి తలుపు తీసినంత తృప్తి.

కానీ బండి స్టార్టయ్యేది కాదు. ఇదివరకు పదో కిక్కుకైనా అందుకునేది, ఇప్పుడు అదీ లేదు. చలి ముదిరిందనుకున్నాడు అన్న. నాలుగు ఆరు చేశాడు. ఆరూ చాలట్లేదని ఎనిమిది చేశాడు.

తమ్ముడు ఊరుకోలేదు. కార్బురేటర్ విప్పించి కడిగించాడు, కొత్త ప్లగ్ వేయించాడు. ఆ ప్లగ్ కూడా అన్న కూర్చునే షాపులో కాదు, ఎదురు షాపులో కొన్నాడు. "మీ తమ్ముడు మంచి బేరం, రోజూ పంపు" అని ఆ షాపాయన రోడ్డవతల్నుంచి కేకేశాడు. అన్న నవ్వి తల వంచుకుని, అప్పటికే సర్దున్న బోల్టుల డబ్బా మళ్లీ సర్దాడు.

కొన్నాళ్లకి తమ్ముడు మామూలు కంటే ముందుగా ఇంటికొచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. డ్యూటీ తొందరగా అయిందేమో అనుకున్నారు. అన్నం సగంలో వదిలేసి లేచాడని మాత్రం అన్న భార్య చెప్పింది.

మర్నాడు తెల్లవారుజామున అన్న మామూలుగానే లేచి వచ్చి, చోక్ ఎత్తి, కిక్ రాడ్ మీద చేతులు వేశాడు. మూడోసారి నొక్కుతుండగా గేటు దగ్గర చీకటి కదిలింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు తమ్ముడు. "నేను పట్టాను."

ఇన్నాళ్లకి తమ్ముడు తనతో మాట్లాడాడు. ముందు ఆ సంతోషమే కలిగింది అన్నకి, సిగ్గులేని సంతోషం. మాటల అర్థం తర్వాత చేరింది.

"దొంగేంట్రా? నీ కోసమే. నాన్న చెప్పినట్టు నువ్వు చెయ్యవని..."

"ఏం చెయ్యను?"

"అదే, ముందు కొట్టే నాలుగు కిక్కులు. తాళం తిప్పకుండా..."

తమ్ముడు గేటు వదిలి బండి దగ్గరకి వచ్చాడు. గొంతులో కోపం లేదు, అన్నకి అందుకే భయం వేసింది.

"రోజూ కొడుతున్నాను. నాన్న చెప్పినవే, ఆ నాలుగే. మీరంతా లేస్తారని చప్పుడు కాకుండా మెల్లగా నొక్కుతాను. నువ్వు బండి నాకిచ్చిన రోజు నుంచీ అంతే."

అన్న చేతులు రాడ్ మీదే ఉండిపోయాయి. దుప్పట్లోంచి ప్రతి చప్పుడూ విన్నాననుకున్న మనిషి, మెల్లగా నొక్కే కిక్కుకి చప్పుడుండదన్న సంగతి మర్చిపోయాడు. తను చేసేదీ అదే పని, అంతే మెల్లగా.

"నేను నిన్న ఎనిమిది కొట్టాను" అన్నాడు. అబద్ధమాడదామన్నా నోరు రాలేదు.

"అవి ఎనిమిది, నావి నాలుగు." తమ్ముడు నవ్వాడు. "ప్లగ్ రోజూ పెట్రోలుతో తడిసిపోతోంది, ఇంట్లో ఎవరో చోక్‌తో ఆడుతున్నారని మెకానిక్ అంటే ఎవరా అనుకున్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పార్టుల మధ్య కూర్చుంటావుగా, నువ్వే చెప్పు. అంత పెట్రోలు తాగి ఏ ఇంజను లేస్తుంది?"

"మరి... నీ డ్యూటీ?"

"నిన్న బండి నెట్టుకుంటూ పోయేసరికి నా బస్సు నా ముందునుంచే వెళ్లిపోయింది. వేరేవాడు నడుపుతున్నాడు. నన్ను స్టీరింగ్ మీంచి దించేశారు. ఇవాళ్టి నుంచి బస్సులు కడగాలి."

"నేను వెళ్లి మేనేజరుతో ఒక్క మాట..."

అనేశాక అన్న నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

తమ్ముడు అతనికేసి చూశాడు. జబ్బు మనిషిని చూసినట్టు, తగ్గదని డాక్టరు చెప్పాక చూసినట్టు చూశాడు.

"పగతో చేసుంటే బాగుండేది అన్నయ్యా. రెండు తిట్టి ఊరుకునేవాణ్ణి. సాయం చేసేవాణ్ణి ఏమని తిట్టను? నీ నుంచి ఎక్కడికి పారిపోను?"

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో అన్నకి ఆ మెట్టు మీద తెలిసింది.

ఎక్కడికి పారిపోవాలో తమ్ముడు వారంలోపే చూసుకున్నాడు. డిపో వెనక రెండు గదులు. డ్యూటీకి దగ్గరని ఆడవాళ్లకి చెప్పాడు గానీ, వాకిట్లో జరిగింది భార్యకి కూడా చెప్పలేదు. తనని తిడతాడని, నలుగురిలో బయట పెడతాడని అన్న ఎదురుచూశాడు. అలా చేసుంటే కొంత భారం దిగేది. తమ్ముడు ఆ మేలు చెయ్యలేదు.

వెళ్లే రోజు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. మంచాలు, గిన్నెల బస్తా, కుట్టుమిషను ఎక్కాయి. గుమ్మం దగ్గర బట్టల మూట ఒకటి మిగిలితే అన్న అలవాటు కొద్దీ దాన్ని ఎత్తాడు. తమ్ముడు వచ్చి, అతని చేతుల్లోంచి మూట తీసుకుని కింద పెట్టాడు. మళ్లీ తనే ఎత్తి ఆటోలో వేశాడు.

భార్యని ఆటోలో ఎక్కించి, మోటారుసైకిల్ దగ్గరకి వచ్చాడు. రాత్రంతా మంచులో తడిసిన బండి. చోక్ ఎత్తాడు. కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొందర లేదు. నాన్న కూడా అంత ఓపిగ్గా నొక్కేవాడు కాదు. అన్న గుమ్మంలో నిలబడి మొదటిసారి కళ్లారా చూశాడు. తర్వాత తాళం తిప్పి ఒక్క కిక్కు గట్టిగా కొట్టగానే ఇంజను అందుకుంది.

బండి సందు తిరిగింది. అన్న భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే సంబరపడింది.

"చూశారా, ఒక్క కిక్కుకే! ఇన్నాళ్లకి మీ తమ్ముడికి పద్ధతి తెలిసినట్టుంది."

"వాడికెప్పుడో తెలుసు" అన్నాడు అన్న. "నాకే తెలియలేదు."