కొంగకు పెట్టిన పరీక్ష

పొద్దున లేచేసరికి భార్య కొంగగా మారి మంచం పక్కన నిలబడి ఉంటే, తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి అంత తేలిగ్గా నమ్ముతాడా? మన పెళ్లయి ఎన్నేళ్లయిందని అడిగాడు. కొంగ ముక్కుతో నేలమీద ఇరవయ్యారుసార్లు కొట్టింది. లెక్క సరిపోయింది. కానీ జవాబు తనకూ తెలుసు కనుక, తన ముఖం చూసి అది ఆగి ఉండవచ్చు. అందుకని మరదలిని పిలిపించాడు.

“మీ అక్కకి తెలిసి నాకు తెలియనిది ఒకటి అడుగమ్మా.”

“ఒకటేమిటి బావగారూ! అక్క పుట్టిన తారీఖు చెప్పండి. చెప్పుల సైజు చెప్పండి. మోకాలినొప్పికి రోజుకెన్ని మాత్రలు మింగుతోందో చెప్పండి.”

మూడింటిలో ఒక్కటీ ఆయనకు తెలియదు.

కొంగ మాత్రం వరసగా తొమ్మిది, ఆరు, మూడు కొట్టింది. మరదలు మూడింటికీ తలూపింది.

“ఊరందరి తూకంరాళ్లూ సరిచూశారు. ఇంట్లో మనిషినెప్పుడైనా చూశారా?” అని విసురుగా లేచి వెళ్లిపోయింది.

ఆయన కొంగ ముందు కూలబడ్డాడు. ఆ కళ్లలోకి చూసే ముఖం లేక తల వంచుకుని, “నన్ను క్షమిస్తావా? సరేనంటే ఒకటి, కాదంటే రెండు,” అన్నాడు.

కొంగ ఒకసారి కొట్టింది.

రెండోది పడుతుందేమోనని ఆయన అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి ఆగాడు. అది పడలేదు, మెత్తని రెక్క వచ్చి భుజంమీద వాలింది. అప్పుడు కూడా లెక్క సరిచూసుకున్నందుకు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.