చేయని తప్పులు చెరిపిన రబ్బరు

రాజ్యలక్ష్మిగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆ ఈనెలకూ నా పొట్టుకూ బల్ల మీద సరిహద్దు తగాదా నడుస్తోంది. నేను ఒక రబ్బరును. తెనాలిలో ఒక పుస్తకాల కొట్లో నన్ను మొదట కొన్నది ఈ ఇంటాయన, లెక్కల మాస్టారు. తాను తప్పు చేయనని ఆయన నమ్మకం. అందువల్ల మూల కూడా అరగకుండానే ఆయన కూతురు నీహారిక చేతికి వచ్చాను.

నీహారిక డిజైన్ కాలేజీలో చదువుతోంది. 'ఇంటి పని' అనే అంశం మీద రేపు బొమ్మ ఇవ్వాలి. మార్కులు రాకపోతే ఏడాది పోయినట్టే. ఏఐని అడిగితే కాఫీ చల్లారేలోపే రంగుల బొమ్మ ఇచ్చేసింది. చిక్కంతా కాలేజీలో బొమ్మలకు మార్కులేసే సుదర్శనం మాస్టారితోనే. ఆయన చిత్తుబొమ్మ కూడా చూపించమంటారు. చెరిపి దిద్దిన మచ్చలు లేని చిత్తుకు మార్కులు వేయరు.

అందుకని క్లాసంతా కలిసి కనిపెట్టిన ఉపాయం, ముందు ఫెయిరు, తర్వాత చిత్తు. పూర్తయిన బొమ్మను చూస్తూ కావాలని ఒక చెయ్యి వంకరగా గీయడం, నాతో తుడవడం. తప్పులు చెరపడానికి పుట్టినదాన్ని, చేయని తప్పులు చెరుపుతూ అరిగిపోతున్నాను. ఈ పిల్ల తప్పులు కూడా స్కేలు పెట్టి చేస్తుంది.

రాజ్యలక్ష్మిగారు ప్రింటు తీసి పెట్టిన రంగుల బొమ్మ చూశారు. అందులో ఒకావిడ పట్టుచీరలో కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వుతోంది.

"ఎవరే ఈవిడ? పెళ్లికి పోతా పోతా ఒలుస్తందా?"

"ఇంటి పని చేసే అమ్మ అంట."

"పురుగులొస్తా ఉంటే ఆ నవ్వేందే?"

"నువ్వు మార్కులెయ్యవుగా, ఊరుకో అమ్మా."

నీహారికకు ఇంకొక తప్పు కావలసి వచ్చింది. ఏమీ తోచక కొత్త కాగితం తీసుకుని, ఎదురుగా ఉన్న తల్లిని చూసి గీసింది. కుర్చీ మీదికి మడిచిన ఒక కాలు, ముక్కు కొసకు జారిన కళ్లజోడు, పురుగు కనబడగానే వంకరపోయిన మూతి. రంగుల బొమ్మలో ఇవేవీ లేవు కనుక ముమ్మాటికీ తప్పే. నన్ను తీసుకుని ఆ మూతి మీద ఆనించింది. అక్కడే ఆగిపోయింది.

రాజ్యలక్ష్మిగారు తొంగి చూశారు. "నా మూతి అట్టా ఉంటదా?"

"ఇంకా వంకరగా ఉంటది."

"మరి సరిగ్గా గీసి చావు."

నన్ను పక్కన పడేసి, పెన్సిలుతో మూతిని ఇంకాస్త వంకర చేసింది. ఆ తర్వాత నాతో పని పడలేదు.

తెల్లవారింది. రంగుల బొమ్మ బల్ల మీదే ఉంది, దాని మీద ఈనెల కుప్ప. నీహారిక పెన్సిలు బొమ్మను చుట్ట చుడుతోంది.

"తుడిచిన మచ్చ ఒక్కటీ లేదు గదే దాని మీద. మార్కులేస్తాడంటావా మీ మాస్టారు?" అన్నారు రాజ్యలక్ష్మిగారు వంటింటి గుమ్మంలోంచి.

నీహారిక నన్ను చేతిలోకి తీసుకుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ ఈనెల పక్కనే పెట్టి, చెప్పులు తొడుక్కుని, చుట్టిన బొమ్మతో కాలేజీకి వెళ్లిపోయింది.