కల్నల్ గారి పెట్టె మీద కొండయ్య పేరు

రెండు గదుల పోర్షన్లో కాపురముండేవాళ్లకి మంచం పడుకోడానికి కాదు, కింద సామాను తొయ్యడానికి. తార్నాకలో కొండయ్య మంచం కింద ఒక బియ్యం మూట, ఊరగాయ జాడీ, పనిచెయ్యని టేబుల్ ఫ్యాను, దాని విడిభాగాలు పనికొస్తాయని దాచిన ఇంకో పనిచెయ్యని టేబుల్ ఫ్యాను ఉండేవి. అయినా చీపురు పోయేది. ఇప్పుడు పోవడం లేదు. రోజూ పొద్దున ఆయన భార్య రమాదేవి వంగడం, చీపురు కట్ట ఠంగుమని ఇనుముకి తగలడం, ఆ చప్పుడుకి ముందుగదిలో గడ్డం గీసుకుంటున్న కొండయ్య చెంప తెగడం.

"మెల్లగా ఊడ్చు రమా! గోడకవతల ఇంటోళ్లుండారు."

"చీపురు చప్పుడుకి గూడా భయపడితే ఎట్లండీ?"

"అది చీపురు చప్పుడు కాదే. సీసాల చప్పుడు."

రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. కొండయ్య యూనివర్సిటీలో పరీక్షల విభాగం సూపరింటెండెంటు. అట్లాంటివాడి ఇంట్లో సీసా దొరికితే మొదట పోలీస్ స్టేషను, తర్వాత సస్పెన్షను, ఆ తర్వాత సంగతేమిటో కనుక్కోడానికి కడప నుంచి బావమరిది రావడం. మొదటి రెండూ ఒక ఎత్తు, మూడోది ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ సీసాలున్న పెట్టె కల్నల్ రాజలింగుది. పక్కిల్లే. జనగామ అవతల పల్లెటూళ్లో పుట్టి, పటాలంలో చేరి, కల్నల్ దాకా ఎదిగి, రిటైరై తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. పటాలంలో ఆయన గొంతు సవరించుకుంటే వందలమంది లేచి నిలబడేవాళ్లట. తార్నాకలో గ్యాసు బండ తెచ్చేవాడు కూడా బండ మీద కూర్చునే మాట్లాడాడు. ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు.

కాలనీలో ఆయనకి గౌరవమంటూ ఉందంటే అది మిలిటరీ క్యాంటీను కార్డు వల్ల. దాని మీద కుక్కర్లొచ్చేవి, సూట్‌కేసులొచ్చేవి, పర్మిట్ ఉంది కాబట్టి నెలనెలా రమ్మొచ్చేది. కొండయ్య తాగుబోతు కాదు, దగ్గుకి పుచ్చుకుంటాడు. నిషేధం పెట్టినప్పటి నుంచీ ఆ కాలనీలో మగవాళ్లందరికీ దగ్గు పట్టుకుంది.

ఇంతలో ఎన్నికల గాలి మొదలైంది. మన సంస్కృతి, మన క్రమశిక్షణ అనే పార్టీ వాళ్లొచ్చి కల్నల్ మెడలో దండేశారు. టికెట్ ఇయ్యొచ్చన్నారు. దండేస్తున్నంతసేపూ ఆయన అటెన్షన్లో నిలబడ్డాడు. నమస్కారం పెట్టమంటే చెయ్యి సెల్యూట్‌కే పోతోందని, పాపం, అద్దం ముందు నిలబడి రెండు చేతులూ కలపడం నేర్చుకున్నాడు.

మొదట్లో కాలనీ నవ్వుకుంది. తర్వాత ఆయన పొద్దున్నే సందు మొదట్లో బెత్తం పట్టుకుని నిలబడ్డం మొదలుపెట్టాడు. కాలేజీకి పోయే పిల్లలని ఆపి జుట్టెందుకంత పెరిగిందనీ, చున్నీ ఏదనీ అడిగేవాడు. కేబుల్ టీవీ వైర్లు మన సంస్కృతికి ఉరితాళ్లన్నాడు. మర్నాడు లేచి చూస్తే వైర్లన్నీ తెగి వేలాడుతున్నాయి. ఎవరు తెంపారో ఎవరూ అడగలేదు. అడక్కపోగా, కేబుల్ పోవడం మంచిదే, పిల్లలు చదువుకుంటారని ఒకరికొకరు చెప్పుకున్నారు. నవ్వడం ఎప్పుడు మానేశారో ఎవరికీ గుర్తులేదు.

పార్టీ పెద్దలు రోజూ ఇంటికి రాసాగారు. మందు వాసన తగిలితే టికెట్ గోవిందా. అందుకని ఒక సాయంత్రం కల్నల్ నల్లటి ఇనప్పెట్టె మోసుకుని కొండయ్య గుమ్మంలోకొచ్చాడు.

"కొండయ్యా, గిది మీ తాన ఉండనీ. పోస్ట్ నీకు అప్పజెప్తున్న."

"సార్, మాది చిన్న ఇల్లు, చోటు..."

"అడుగుతలేను, చెప్తున్న."

ఇంట్లో కల్నల్ ఇచ్చిన కుక్కరుంది, కల్నల్ ఇచ్చిన సూట్‌కేసుంది, గుండెల్లో కల్నల్ నయం చేసిన దగ్గుంది. కొండయ్య చేతులు వాటంతటవే పెట్టె అందుకున్నాయి. తాళంచెవి మాత్రం కల్నల్ జేబులోనే ఉండిపోయింది.

పెట్టె మూత మీద తెల్లరంగుతో పేద్ద అక్షరాలు. కల్నల్ రాజలింగు అని, కింద రెజిమెంటు పేరు. మిలిటరీ పెట్టెలన్నిటికీ అట్లాగే ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా కొండయ్య కళ్లు మంచం కిందికే పోయేవి. ఆయన కళ్లు పోయాక వచ్చినవాళ్ల కళ్లూ అక్కడికే పోయేవి. ఇట్లా లాభం లేదని మాణికేశ్వర్ నగర్ నుంచి మొగిలిని పిలిపించాడు. మొగిలి స్కూటర్లకి నంబర్లు, గోడలకి నినాదాలు రాసే పెయింటరు. పాత పేరు మీద నల్లరంగు పూసి, అదారగానే బ్రష్షు తెల్లరంగులో ముంచి తలెత్తాడు.

"ఏం పేరు రాయాలె సార్?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొండయ్య ఇంట్లో పేరులేని సామాను లేదు. గ్లాసు మీద పేరు, గరిటె మీద పేరు, ఇడ్లీ రేకుల మీద ప్రతి గుంటకీ పేరు. పక్కింటికి కూర పంపిన గిన్నె తిరిగి రావాలంటే పేరుండాలన్నది ఆ ఇంటి వేదం. కొత్త సామాను గుమ్మం దాటగానే పేరు కొట్టిస్తారు, ఆ తర్వాతే వాడతారు. అందుకని కొండయ్య బుర్ర అడ్డుపడేలోపే నోరు తన పని తను చేసేసింది.

"ఆర్. కొండయ్య."

"హోదా గూడ ఎయ్యాల్నా?"

"వెయ్యి. సూపరింటెండెంట్, పరీక్షల విభాగం."

చోటు మిగిలిందని మొగిలి కింద ఒక తీగ, దానికి రెండాకులు కూడా వేశాడు. కొండయ్య తల అటూ ఇటూ వంచి మురిసిపోయాడు. రంగు ఆరేదాకా మురిసిపోయాడు. ఆరాక పెట్టె లోపల ఏముందో గుర్తొచ్చి, గబగబా మంచం కిందికి తోసేశాడు.

ఈ శనివారం పొద్దున క్యాంపస్‌లో వాకింగుకొచ్చినవాళ్లందరినీ కల్నల్ ఆర్ట్స్ కాలేజీ ముందర ఆపాడు. ఆపాడంటే, "నిలబడుండ్రి" అన్నాడు. నిలబడ్డారు.

"రేపు ఐతారం పొద్దుగాల ఇల్లిల్లు చూస్తం. మంచాల కింద, అటకల మీద. నిషేధాన్ని నిజంగ పాటించెటోళ్లెవరో తేల్తది. నీతిగల్ల ఇంటికి స్టిక్కరు అంటిస్తం. దొరికినోని పేరు పేపర్ల అచ్చయితది, పోలీసులు గూడ ఎంబడే ఉంటరు."

చప్పట్లు మోగాయి. దగ్గున్నవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

"మొదటి ఇల్లు నాదే. రెండోది మా కొండయ్యది. పాపం, తనే ముందుకొచ్చిండు."

అందరూ తిరిగి చూశారు. కొండయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. అవి ఇంకా చప్పట్లు కొడుతున్నాయి.

జనం కదిలాక కల్నల్ వెనక పరిగెత్తాడు.

"సార్, సార్... ఆ పెట్టె..."

"ఏం పెట్టె?"

"అదే సార్, మా ఇంట్లో పెట్టుకోమంటిరి గదా."

కల్నల్ ఆగాడు. కోపం లేదు. అదే భయపెట్టింది కొండయ్యని.

"చూడు కొండయ్యా. ఫౌజీ పెట్టె మీద పేరుంటది. నా పేరున్న పెట్టె మీ ఇంట్ల ఉంటే చెప్పు. ఇప్పుడే వచ్చి తీస్కపోత. పార్టీ ముందర తల వంచుకుంట. ఉన్నదా?"

కొండయ్య కళ్ల ముందు మొగిలి వేసిన తీగ, రెండాకులు కదిలాయి.

"నా పేరున్న పెట్టె ఉన్నదా, లేదా?"

"లేదు సార్."

"మరింకేంది?" భుజం తట్టి, అద్దం ముందు నేర్చుకున్న నమస్కారం పెట్టాడు. ఇప్పుడది బాగా కుదురుతోంది.

తిరిగొస్తుంటే తార్నాక చౌరస్తాలో గోడ మీద 'క్రమశిక్షణే దేశభక్తి' అని కల్నల్ పార్టీ నినాదం రాస్తూ మొగిలి కనబడ్డాడు. "నమస్తే సార్! మీ పెట్టె గురించి కల్నల్ సాబ్‌కి చెప్పిన. మస్తు కుదిరిందని మెచ్చుకున్నడు!" అన్నాడు సంతోషంగా.

ఇంటికొచ్చి కొండయ్య రమాదేవికి అంతా చెప్పాడు. ఆవిడ తలుపు గడియపెట్టింది.

"తాళంచెవి ఆయన దగ్గరుండాదని అందరి ముందరా చెప్పండి."

"ఆయన గుండె మీద మెడల్సుండాయి. నా గుండెలో దగ్గుంది. ఎవరి మాట నమ్ముతారు?"

"తాళం పగలగొట్టి మోరీలో పారబోద్దాం."

"సుత్తి చప్పుడుకి సందంతా వస్తాది. సుత్తికి రాకపోతే వాసనకి వస్తాది."

"ఆటోలో ఏసుకోని యాడన్నా పారేసి రాండి."

"సందు మొదట్లో ఆయన కుర్రోళ్లు స్కూటర్ డిక్కీలు గూడా తీపిస్తాండారు."

"పేరన్నా చెరిపేయొచ్చు గదా?"

చెరపబోయాడు కూడా. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే పైన కొండయ్య పోలేదు గానీ, ఆ పేరు ముందు నుంచి నల్లరంగు కింద ఉన్న 'కల్నల్' మాత్రం లీలగా తేలింది. 'రాజలింగు' ఎంత రుద్దినా తేల్లేదు. ఇప్పుడు చదివితే 'కల్నల్ ఆర్. కొండయ్య, సూపరింటెండెంట్' అనొస్తోంది. అంటే దొంగసరుకు ఒక్కటే కాదు, మిలిటరీ హోదా దొంగతనం కూడా. గుడ్డ అక్కడే పడేసి మంచమెక్కి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు.

పొద్దు గూకుతోంది. సందులో కల్నల్ కుర్రాళ్లు స్టిక్కర్లు లెక్కపెట్టుకుంటున్నారు. రమాదేవి వంటింట్లో గిన్నెల మీద పేర్లని ఒక్కోటే తడుముతోంది.

అయ్యలారా, అమ్మలారా, మీరు చదువుకున్నవాళ్లు, లోకం చూసినవాళ్లు, మీ ఇళ్లల్లో కూడా మంచాలుంటాయి. కొండయ్య రేపు తలుపు తియ్యాలా, వద్దా? తీస్తే కల్నల్ ముందు ఏం అనాలి? నిజం చెప్పమని మాత్రం దయచేసి చెప్పకండి. నిజం ఈ కాలనీలో అందరికీ తెలుసు, వాళ్లు కూడా రేపు చప్పట్లు కొట్టడానికే వస్తున్నారు. ఇంకేదన్నా ఉపాయముంటే తొందరగా చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా. గొంతు మాత్రం తగ్గించి చెప్పండి, గోడకవతల వింటారు.