ఫాతిహా చదివించిన పెన్‌డ్రైవ్

నరసరావుపేట కోర్టు ఎదురుగా ఉన్న కంప్యూటర్ షాపులో జుబేర్‌ది పన్నెండేళ్ల అనుభవం. ఇష్రత్ వచ్చి ఎనిమిది నెలలు. అయినా గుమ్మమెక్కిన ప్రతివాడూ "ఇష్రత్ ఉందా?" అనే అడుగుతాడు. ఆ మాట చెవిన పడితే చాలు, జుబేర్‌కి ఒళ్లు మండిపోతుంది. పైగా ఓనరు ఇస్మాయిల్ మాచర్లలో ఇంకో షాపు పెడుతున్నాడు. ఇక్కడి షాపు చూసుకోమని తాళాలు ఇద్దరిలో ఎవరికో ఇవాళే ఇస్తానన్నాడు.

కోర్టు దగ్గర దస్తావేజులు టైపు చేసే ఈశ్వరయ్య లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కొన్నది మొన్ననే, అప్పుడే విండోస్ పాడైంది. ఆయన కళ్లు ఇష్రత్ కోసం వెతుకుతుంటే, జుబేర్ ఆ లాప్‌టాప్‌ని లాక్కున్నంత పని చేశాడు.

విండోస్ వెయ్యడానికి అతని దగ్గర ఒకే పెన్‌డ్రైవ్. ఎనిమిదేళ్ల కిందట షాపు ఈ గదిలోకి మారిన రోజు, శుభం కలగాలని పనిముట్లతో పాటు దానిమీదా ఫాతిహా చదివించారు. అందుకే దాన్ని చెరిపి కొత్తగా చెయ్యడానికి అతనికి చేతులు రావు. ఎన్ని మెషిన్లను లేపిందది!

ఇవాళ లేపలేదు. పోర్టు మార్చాడు, సెట్టింగుల్లోకి పోయి వచ్చాడు, బిస్మిల్లా అని మళ్లీ పెట్టాడు. లాప్‌టాప్‌కి ఆ పెన్‌డ్రైవ్ కనపడనే లేదు. పక్క టేబుల్ దగ్గర ఇష్రత్ తల వంచుకుని తన పని తాను చేసుకుంటోంది. ఆమెను అడగడం కంటే చావు మేలనిపించింది.

"మదర్‌బోర్డు పోయింది, చేసేదేం లేదు" అన్నాడు.

"ఏందయ్యా ఇది, కొని నెల కాలేదే!" ఈశ్వరయ్య మొహం వాడిపోయింది.

"నేనొకసారి చూస్తా బాబాయ్" అంది ఇష్రత్. కాసేపు చూసి, తన పెన్‌డ్రైవ్ చెరిపి మళ్లీ తయారుచేసి పెట్టింది. విండోస్ ఎక్కించే నీలం తెర వెలిగింది. జుబేర్ పెన్‌డ్రైవ్ పాత మెషిన్ల పద్ధతిలో చేసినది, కొత్తవి దాన్ని గుర్తించవు. అంతే సంగతి.

సరిగ్గా అప్పుడే ఇస్మాయిల్ లోపలికొచ్చాడు. ఈశ్వరయ్య ఊరుకోలేదు. "మీవాడు బోర్డు పోయిందన్నాడు సాయిబూ! ఈ అమ్మాయి చూడు, చిటికెలో లేపింది!"

జుబేర్ తన పెన్‌డ్రైవ్‌ని పిడికిట్లో దాచుకున్నాడు.

"బోర్డు మీద అనుమానం ఉందన్నాడంతే బాబాయ్. ఇంకో పెన్‌డ్రైవ్ చేసి చూడమని నాకు మెల్లగా చెప్పింది జుబేర్ భాయే" అంది ఇష్రత్, తడబడకుండా.

"అదీ అనుభవమంటే" అని ఇస్మాయిల్ నవ్వి, తాళాల గుత్తి జుబేర్ చేతిలో పెట్టాడు.

జుబేర్ గుత్తిని గట్టిగా పట్టుకున్నాడు. కడుపులో మంట చల్లారలేదు సరికదా, రెట్టింపైంది. పొద్దున్నుంచీ షాపులో రెండు అబద్ధాలు పుట్టాయి. వాటిలో చివరికి జనం నమ్మింది కూడా ఆమె చెప్పినదాన్నే.