పసుపు వైరు

లారీ బంపరు కింద వెల్లకిలా పడుకుని, ఛాసిస్‌కు ఎర్తు వైరు బిగించే చోటును మేస్త్రి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తుప్పు పొడి రాలి ముఖం మీద పడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసి, రెండోది సగం తెరిచి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు.

"దొరికిందా బావా?" పైనుంచి చిన్నోడు అడిగాడు.

"దొరక్క ఎక్కడికి పోతుంది? ఎర్తు తుప్పు పట్టి చచ్చింది. లైట్లు ఎలా వెలుగుతాయి మరి?"

చిన్నోడంటే చిన్నవాడేం కాదు. మేస్త్రి భార్యకు తమ్ముడు. తల సగం నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, కూతురికి పెళ్ళి కూడా చేశాడు. తల్లి పోయాక అక్క చంకనేసుకుని పెంచింది కాబట్టి ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. లారీ కూడా అతనికి తగినదే. రంగు వెలిసి, తలుపు ఊగుతూ, పొద్దున షెడ్డు ముందు ఆగినప్పుడు దాని హెడ్‌లైట్లు జబ్బుమనిషి కళ్ళలా మినుకుమంటున్నాయి.

మేస్త్రి పాత వైరు పీకి పారేసి, గోడ మీది చుట్టలోంచి పసుపు రంగు వైరు కోసి, మూడు మెలికలు వేసి బిగించాడు. అదొక అలవాటు. అతని చేయి పడిన ప్రతి బండిలోనూ ఎక్కడో ఒకచోట పసుపు వైరు ఉంటుంది. రేపు ఏ ఊళ్ళో ఏ మెకానిక్కు విప్పినా, ఇది ఫలానా మేస్త్రి పని అని తెలియాలని అతని ఆశ. రేకుల షెడ్డు, నూనె మరకల నేల, చొక్కా నిండా యాసిడ్ చిల్లులు తప్ప జీవితంలో వేరే ఆస్తి కూడబెట్టని మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండకూడదా!

తర్వాత బ్యాటరీకి చార్జింగ్ అందించే ఆల్టర్నేటర్ బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. వదులుగా ఉంది. లాగి బిగించాడు.

"ఎడమ చెయ్యి ఒకటే లాగుతోంది బావా, పొద్దుట్నుంచి," అన్నాడు చిన్నోడు భుజం పిసుక్కుంటూ.

"ఆ మొండి స్టీరింగుతో కుస్తీ పడితే లాగక ఏం చేస్తుంది? ఇంటికెళ్ళి పెళ్ళాం చేత నూనె రాయించుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. చిన్నోడు ఇంజను స్టార్ట్ చేశాడు. హెడ్‌లైట్లు నిండుగా వెలిగాయి. డాష్‌బోర్డు మీది చార్జింగ్ ముల్లు ప్లస్ వైపుకు జరిగి నిలబడింది. పని అయిపోయింది. చేతులు తుడుచుకుని పక్కకి వచ్చేస్తే సరిపోయేది.

కానీ ఎదుటి టీ బడ్డీ దగ్గర నలుగురైదుగురు డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. మేస్త్రికి ఒక విద్య ఉంది. ఇంజను తిరుగుతుండగా, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేస్తాడు. అయినా లైట్లు ఆరకపోతే చార్జింగ్ సిస్టమ్ గట్టిగా ఉన్నట్టు. డైనమోల కాలంలో గురువు నేర్పిన పరీక్ష. చూసేవాళ్ళకి గారడీలా ఉంటుంది. ఈ లారీలో డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించింది కూడా తనే. ఆ రోజే స్పేర్‌పార్టుల కొట్టాయన వేలు చూపించి మరీ చెప్పాడు: "మేస్త్రీ, దీనికి నీ పాత పరీక్ష పనికిరాదు. టెర్మినల్ పీకావంటే లోపల డయోడ్లు మాడిపోతాయి, ఇక చార్జింగే ఉండదు."

ఆ మాట గుర్తుంది. గుర్తుండీ చేయి ముందుకు పోయింది. బిగించి ఉన్న టెర్మినల్‌ను వదులు చేసి పుటుక్కున పీకాడు.

లైట్లు ఒక్క క్షణం కళ్ళు జిగేలుమనేంత తెల్లగా వెలిగాయి. "ఓహో!" అన్నారు టీ బడ్డీ వాళ్ళు. మేస్త్రి ముక్కుకు మాత్రం కమురు వాసన కొట్టింది. గబుక్కున టెర్మినల్ తగిలించాడు. ముల్లు మైనస్ వైపుకు వాలిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఒక్క మాట అంటే చాలు. 'ఒరేయ్, చేతులారా నేనే పాడుచేశాను. రేపు వేరేది తెప్పించి వేస్తా, ఇవాళ్టికి ఆగు.' అంతే. కానీ ఊరూరా "మా బావ" అని చెప్పుకు తిరిగే మనిషి ముందు, ఇంకా ఇటే చూస్తున్న ఆ డ్రైవర్ల ముందు, ఆ మాట గొంతు దాటలేదు.

"నీ బ్యాటరీ నీరసంగా ఉంది. నా షెడ్డుది ఫుల్ చార్జింగ్‌లో ఉంది, వేసుకెళ్ళు," అన్నాడు ముఖం చూడకుండా. నిండు బ్యాటరీ మీద లైట్లు కాసేపు బాగానే వెలుగుతాయి. ఆ కాసేపు అయ్యాక చీకటే. "పొద్దుండగానే ఇల్లు చేరు. దారిలో ఎక్కడా ఆగకు."

"బస్తాలెక్కించుకోవాలి కదా బావా, వాళ్ళెప్పుడు వదుల్తారో."

"త్వరగా ఎక్కించమను మరి!" మేస్త్రి కసురుకున్నాడు.

బ్యాటరీ మార్చాక చిన్నోడు సీట్లో కూర్చుని ముల్లు వంక చూశాడు. తర్వాత బావ వంక చూశాడు. దిగి, పక్క కొట్లో టార్చిలైటుకు సెల్స్ కొనుక్కొచ్చుకున్నాడు.

"ఓ ముక్క వైరు ఇవ్వు బావా, ఎందుకైనా పనికొస్తుంది."

మేస్త్రి పసుపు వైరు ముక్క కోసి ఇచ్చాడు. చిన్నోడు దాన్ని చుట్టి జేబులో పెట్టుకుని, "నీ చెయ్యి పడింది, ఇంకేం భయం!" అంటూ టీ బడ్డీకి వినబడేలా అరిచి, లారీ కదిలించాడు.

వాడికి తెలిసిపోయింది. తెలిసే, బావ పరువు కాపాడి వెళ్ళాడు. తేలు కుట్టిన దొంగలా మేస్త్రి షెడ్డులో కూలబడ్డాడు. క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిని మూసేశాడు. ఫోను తీశాడు, పెట్టేశాడు. బస్తాల దగ్గర ఆలస్యం కాకపోతే బాగుండని సాయంత్రం దాకా ఎండ వంక చూస్తూనే ఉన్నాడు. ఎండ ఎవరి కోసమూ ఆగలేదు.

"తమ్ముడి బండి బాగైందా?" ఇంట్లో భార్య అడిగింది.

"ఆఁ," అన్నాడు చెప్పులు విడుస్తూ.

మర్నాడు తెల్లవారేసరికి పోలీసుల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. భార్యాభర్తలు వెళ్ళేసరికి లారీ రోడ్డు దిగి, పద్ధతిగా పక్కకు ఆగి ఉంది. చక్రాల వెనక రాళ్ళు పెట్టి ఉన్నాయి. క్యాబిన్ సీటు మీద చిన్నోడు పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి ఎడమ భుజం మీద ఉంది.

"గుండె ఆగినట్టుందమ్మా," అన్నాడు కానిస్టేబులు. "లైట్లు పోయి ఆపుకున్నాడు, పాపం. ఇంకో గంట నడిపుంటే ఊరొచ్చేసేది. అక్కడ ఆసుపత్రి ఉంది. పాత బండ్లతో ఇంతేనమ్మా, ఎవర్నని ఏం లాభం?"

"ఒక్క ఫోనైనా చెయ్యలేదేంరా చిన్నోడా!" అని భార్య తమ్ముడి కాళ్ళ మీద పడింది. ఎందుకు చేయలేదో మేస్త్రికి తెలుసు. చేస్తే లైట్లు పోయాయని చెప్పాలి. అది చెప్పడం వాడికి ఇష్టంలేకపోయింది. నెప్పి ఎక్కువైనా ఓర్చుకుని ఉంటాడు.

"నేనే..." అన్నాడు మేస్త్రి.

భార్య తలెత్తి అతని చేయి పట్టుకుంది. "మీరు మాత్రం ఏం చేస్తారు? మీరు బాగుచేశారు కాబట్టే వాడు ఇంతదూరమైనా రాగలిగాడు."

మేస్త్రి చేయి విడిపించుకోలేదు, మాట పూర్తి చేయలేదు. ఆమె మళ్ళీ తమ్ముడి వైపు తిరిగాక, నెమ్మదిగా లారీ వెనకవైపుకి నడిచాడు. ఎండ అప్పటికే వెనక తలుపు మీద పడుతోంది. వచ్చేపోయే బండ్లకు కనబడేలా చిన్నోడు అక్కడ తన టార్చిలైటును పసుపు వైరుతో, బావ చుట్టినట్టే మూడు మెలికలు వేసి కట్టాడు. అది ఎండలో సన్నగా వెలుగుతూనే ఉంది.